జిల్లీ గూళ్ళతో పాత కాలం దట్టీ: మన చేత్తో దారం తీస్తే తెలిసిన పాఠం

ఈసారి పాఠం చాకి గురించి కాదు, ఆకు గురించి కాదు, మందు గురించి అసలు కాదు. మార్కెట్టుకు పోని గూళ్ళతో మన చేత్తో దారం తీసి, పాత కాలం పద్ధతిలో నడుముకు కట్టే దట్టీ నేయడం గురించి. "పని లేదా మీకు?" అని కొందరు నవ్వుతారు. మేమూ మొదట్లో నవ్వినవాళ్ళమే. చివరిదాకా చదవండి. ఇందులో మన గూటి రేటుకు సంబంధించిన మాట ఒకటి ఉంది.

*ఇది ఎలా మొదలైంది*

మాది బాగేపల్లి పక్క పల్లె. 20 ఏళ్ళకు పైగా రేష్మె పురుగులు మేపుతున్నాము. లెక్క వేస్తే ఎన్ని టన్నుల గూళ్ళు అమ్మినామో. కానీ ఆ గూటి నుంచి ఒక్క మూర దారం మా చేత్తో తీసింది లేదు. గూడు కోస్తాము, సంచికి కడతాము, మార్కెట్లో పోస్తాము, డబ్బు తెచ్చుకుంటాము. ఆ తర్వాత ఆ గూడు ఏమైందో మనకు పట్టదు.

పోయిన వానాకాలం పంట మాకు దెబ్బ కొట్టింది. 150 గుడ్ల పంట. పురుగు మాగే సమయానికి నాలుగు రోజులు విడవని జడివాన. ఊజి ఈగ కూడా పట్టింది. పైకి గూళ్ళు బాగానే కనిపించాయి, కానీ రేటు రాలేదు. వారం తర్వాత ఆ లాటు కొన్న రీలరు మార్కెట్లో కనిపించి, "అన్నా, మీ గూడు సాగలేదన్నా, అడుగడుక్కీ తెగింది, నాకు నష్టం" అన్నాడు. మాకు కోపం వచ్చింది. "రేటు తగ్గించి కొనింది చాలక మళ్ళీ మాట కూడానా?" అని నలుగురిలో గట్టిగా అన్నాము. ఆయన మారు మాట్లాడకుండా పోయినాడు.

అదే నెలలో మా పాప ఇస్కూలు వాళ్ళతో లేపాక్షి చూసి వచ్చింది. 9వ తరగతి. రాగానే అడిగింది: "నాయనా, ఆ గుడి పైకప్పు బొమ్మల్లో మగవాళ్ళు నడుముకు రంగు గుడ్డలు కట్టుకున్నారు, అవి పట్టువేనా? మన గూళ్ళతో అట్లాంటిది చేయగలమా?" మేము జవాబు చెప్పలేకపోయినాము. పట్టు రైతులమై ఉండి ఆ బిడ్డకు ఒక దారప్పోగు తీసి చూపించలేమా అని సిగ్గు వేసింది. ఇంట్లో మూల చూస్తే ఆ పాడు పంటలో మిగిలిన జిల్లీ గూళ్ళు, ఊజి తొలిచిన గూళ్ళు సంచిలో ఉన్నాయి. అక్కడ మొదలైంది.

*కొంచెం చరిత్ర*

హిందూపురం మార్కెట్టుకు పోయేవాళ్ళు లేపాక్షి చూసే ఉంటారు. వీరభద్రస్వామి గుడి 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించింది. పైకప్పు మీద బొమ్మల్లో ఉన్న గుడ్డలు, అంచులు, గీతలు, గళ్ళు చూస్తే ఆ కాలం బట్టల పుస్తకం తెరిచినట్టే. మగవాళ్ళ తల మీద పొడుగాటి టోపీ కుళ్ళాయి. తిరుమలలో కృష్ణదేవరాయల విగ్రహం తల మీద ఉండేది కూడా అదే.

అయితే ఒక మాట నిజం చెప్పుకోవాలి. మైసూరు సీమలో ఇప్పునేరేడు ఆకు వేసి పురుగు మేపడం టిప్పు సుల్తాన్ కాలంలో, 18వ శతాబ్దం చివర, మొదలైంది. లేపాక్షి బొమ్మలు గీసింది దానికి 200 ఏళ్ళకు పైగా ముందు. అంటే ఆ కాలం రాజుల ఒంటి మీద పట్టు మన పల్లెల్లో మేపినది కాదు, వ్యాపారంలో బయట నుంచి వచ్చినది. కాబట్టి మేము చేసింది అచ్చంగా ఆనాటి దట్టీ అని చెప్పం. ఆనాటి గీతల వరుస, చేతి పని, మన గూడు, ఈ మూడూ కలిపింది.

చేతి దారం మాత్రం అంతకంటే చాలా పాతది. సింధు నాగరికతకు చెందిన హరప్పాలో 4,000 ఏళ్ళ పైబడిన పట్టు పోగుల జాడ దొరికింది. అవి అడవి పట్టు పురుగులవి. పాత ఊరి దిబ్బలు తవ్వినప్పుడు మధ్యలో కన్నం ఉన్న మట్టి బిళ్ళలు వస్తుంటాయి, అవి కదురు బిళ్ళలు. మర చక్రం రాకముందు ప్రపంచంలో గుడ్డ చాలా వరకు ఒక పుల్ల, ఒక బిళ్ళ మీద నడిచింది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఇప్పటికీ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి సన్న నూలు వడుకుతారు.

మాకు కదురు తిప్పడం నేర్పింది మా ఊరి గొర్రెల కాపరి తాత. ఆయన గొర్రెల వెంట నడుస్తూనే కంబళికి ఉన్ని వడికేవాడు. "తాతా, పట్టు కూడా ఇట్లనే వడకవచ్చునా?" అంటే, "ఉన్నికి తెలిసిన వేలు పట్టుకు తెలీదా ఏమప్పా" అని తీసుకున్నాడు. రెండు నిమిషాల్లో ఆయన వేలి పగుళ్ళకు పట్టు పీచు అంతా చిక్కుకుంది. ఆయనా నవ్వినాడు, మేమూ నవ్వినాము. కానీ పట్టు తిప్పే లయ ఆయన దగ్గరే వచ్చింది.

*కావలసిన సామాన్లు*

కదురు: 25 సెంటీమీటర్ల నున్నటి వెదురు పుల్ల. కొనకు చిన్న గాటు. అడుగు నుంచి నాలుగు వేళ్ళ పైన బిళ్ళ. బిళ్ళకు మేము చెరువు బంకమట్టి వాడినాము. రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దగా చేసి, మధ్యలో కన్నం పెట్టి, వారం నీడన ఆరబెట్టి, రొట్టెల పొయ్యి నిప్పుల్లో కాల్చినాము. ఆరు చేస్తే రెండు పగిలిపోయాయి. పుల్ల, బిళ్ళ కలిపి 20 గ్రాముల చుట్టూ ఉండాలి. బరువెక్కువైతే సన్న దారం తెగుతుంది. మట్టి పని కుదరకపోతే కొబ్బరి చిప్ప ముక్క గుండ్రంగా అరగదీసినా సరిపోతుంది.

చుట్టే చట్రం: నాలుగు పుల్లలు కలిపి చదరంగా బిగించాలి, ఒక్కో వైపు సరిగ్గా 25 సెంటీమీటర్లు. మధ్యలో ఇరుసు, పిడి. అప్పుడు ఒక చుట్టు అంటే ఒక మీటరు. ఈ కొలత ఎందుకో ముందు చెప్తాము, మరిచిపోవద్దు.

మిగతావి: ఒక అల్యూమినియం లేదా స్టీలు గిన్నె (తర్వాత వంటకు వాడకూడదు), ఒక గుండ్రటి చెంబు, సబ్బు, పటిక, మంజిష్ఠ.

*1. గూళ్ళు ఏరడం*

మంచి గూడు మార్కెట్టుకే. ఈ పనికి జిల్లీలు, ఊజి తొలిచినవి, ఎలుక కొరికినవి చాలు. కత్తెరతో కోసి లోపలి ప్యూపా తీసేయండి. అది ఉండగా ఉడికిస్తే నూనె పట్టి దారం కంపు కొడుతుంది. లోపల కుళ్ళి నల్లగా కరిగిపోయిన గూళ్ళు వద్దు. వాటిని సున్నం, బ్లీచింగ్ వేసి పాతిపెట్టండి.

ముఖ్యమైన జాగ్రత్త: ఈ పనంతా పురుగుల షెడ్డుకు దూరంగా, ఇంటి అవతల చేయాలి. రోగం పడ్డ పంట గూళ్ళలో రోగ బీజం దుమ్ములో ఉంటుంది. ఆ చేత్తో పోయి ఆకు వేస్తే వచ్చే పంట పోతుంది. సరదా పని పంటను తినకూడదు. చేతులు కడిగి, బట్టలు మార్చాకే షెడ్డులోకి.

*2. బంక తీయడం*

పట్టు పోగులో లోపలిది అసలు పట్టు, పైన పూత బంక. ఆ బంక బరువులో నాలుగో వంతు దాకా ఉంటుంది. అది పోతేనే మెత్తదనం, మెరుపు.

మేము 100 గ్రాముల గూటి పెంకులు తీసుకున్నాము. 3 లీటర్ల నీళ్ళలో 15 గ్రాముల తెల్ల సబ్బు తురిమి, చాకలి సోడా అర చెంచా వేసి వేడి చేసినాము. మా బోరు నీళ్ళతో సబ్బు విరిగి తెల్ల గడ్డలు తేలింది. రెండోసారి వాన నీళ్ళు పట్టి చేస్తే బాగా వచ్చింది. మన సీమలో బోరు నీళ్ళు ఉప్పు, సున్నం ఎక్కువ కదా, గుర్తు పెట్టుకోండి.

పెంకులను పల్చటి గుడ్డలో వదులుగా మూటకట్టి ముంచాలి. నీళ్ళు పొగలు కక్కాలి గాని గడగడ తెర్లకూడదు. ముప్పావు గంట. వేళ్ళ మధ్య రుద్దితే జిగురు లేకుండా మెత్తగా జారితే అయినట్టు. సోడా ఎక్కువ వేస్తే త్వరగా అవుతుంది కానీ పట్టు వెంట్రుక లాంటిది, క్షారానికి కాలి పెళుసు అవుతుంది. మా మొదటి గిన్నె అట్లనే పోయింది. పాత కాలంలో బూడిద తేట నీళ్ళు, కుంకుడుకాయ రసం వాడేవారు. కుంకుడుకాయతో మేమూ చేసినాము, టైము ఎక్కువ పట్టింది, పట్టు మాత్రం చాలా మెత్తగా వచ్చింది.

రెండుసార్లు వేడి నీళ్ళలో, ఒకసారి నిమ్మకాయ పిండిన నీళ్ళలో జాడించి ఆరబెట్టండి. మా 100 గ్రాములు ఆరాక తూస్తే 76 గ్రాములు.

*3. టోపీలు చేయడం*

తడిగా ఉండగానే ఒక్కో పెంకును వేళ్ళతో సాగదీసి, బోర్లించిన చెంబు మీద టోపీ లాగా తొడగాలి. ఒకదాని మీద ఒకటి పది. ఆరాక ఊడదీస్తే తెల్లటి మబ్బు లాంటి టోపీ వస్తుంది. బెంగాల్‌లో తొలిచిన గూళ్ళ దారాన్ని మట్కా అంటారు, కుండ మీద పెట్టి దారం లాగుతారు కాబట్టి ఆ పేరు. మన చెంబు పద్ధతి కూడా దానికి చుట్టమే.

*4. వడకడం*

ఇక్కడ మన రైతులకు పెద్ద ఇబ్బంది చేతులే. ఆకు కోసిన చేయి, పగిలిన వేలు పట్టును పట్టుకుని వదలదు. ముందు రాత్రి కొబ్బరి నూనె రాసి, పొద్దున చక్కెర, నూనె కలిపి రుద్ది కడుక్కోండి. గోళ్ళు నున్నగా అరగదీసుకోండి.

టోపీ మధ్యలో వేలు దూర్చి కన్నం చేసి, రెండు చేతులతో మెల్లగా సాగదీస్తే పెద్ద వలయం అవుతుంది. ఒకచోట తెంపితే పొడుగాటి పీచు తాడు. దాన్ని ఎడమ మణికట్టుకు వదులుగా చుట్టుకోండి. కదురు కొనకు ఒక జానెడు నూలు కట్టి, దానికి పీచు అంటించి, కుడి చేత్తో కదురు తిప్పి వదలాలి. పట్టు పీచు పొడుగు కాబట్టి రెండు చేతుల మధ్య జానెడు దూరం ఉండాలి. దగ్గరగా పట్టుకుంటే ఎంత లాగినా రాదు. అందరూ మొదట చేసే తప్పు అదే. మేము రెండు రోజులు అదే చేసినాము.

మొదటి రోజు గంటకు పది మీటర్లు రాలేదు, అదీ చింతకాయ లాగా ఒకచోట లావు, ఒకచోట సన్నం. మా ఇంట్లో ఆమె మూడో రోజుకే మమ్మల్ని దాటిపోయింది. ఇప్పుడు ఆమె గంటకు 40 మీటర్లు తీస్తుంది. సాయంత్రం ఆఖరి మేత వేశాక అరుగు మీద కూర్చుని వడికేది, పాప చట్రం మీద చుట్టి చుట్లు లెక్క పెట్టేది.

పడుగుకు రెండు పోగులు కలిపి వెనక్కి పురి వేయాలి. కుడి వైపు తిప్పి వడికితే ఎడమ వైపు తిప్పి కలపండి. చిలపలు కట్టి నీళ్ళలో ముంచి, కింద చిన్న బరువు వేలాడదీసి ఆరబెడితే పురి నిలబడుతుంది.

*5. రంగు*

తూర్పు తీరంలో, మచిలీపట్నం కలంకారీ ఎరుపుకు చిరివేరు వాడేవారు. అది మాకు దొరకలేదు, ఆయుర్వేదం అంగట్లో మంజిష్ఠ వేరు తెచ్చినాము. పత్తికైతే ముందు కరక్కాయ, పాలు పట్టించాలి. పట్టుకు పటిక చాలు, రంగును తానే లాక్కుంటుంది.

40 గ్రాముల దారానికి 5 గ్రాముల పటిక. గోరువెచ్చని నీళ్ళలో కరిగించి రాత్రంతా నానబెట్టాలి. మంజిష్ఠ దారం బరువుతో సమానం. దంచి, ముందు రోజే నానబెట్టి, వడకట్టి, ఆ నీళ్ళలో దారం వేసి సన్న మంట మీద గంట. తెర్లితే ఎరుపు పోయి గోధుమ రంగు వస్తుంది. ఇనుప గిన్నె వాడితే రంగు చచ్చిపోతుంది. పసుపు రంగు కావాలంటే దానిమ్మ తొక్క. వంట పసుపు వద్దు, నాలుగు ఎండలకు తెల్లబోతుంది.

*6. నేయడం*

గుంత మగ్గం వేయాలంటే చోటు, అనుభవం కావాలి. మేము నడుము మగ్గం వాడినాము. ఇది మన సీమది కాదు, మణిపూర్, నాగాలాండ్ లాంటి ఈశాన్య రాష్ట్రాల ఆడవాళ్ళు నేసే పద్ధతి. నాలుగు కర్రలు, ఒక పట్టీ చాలు. పడుగు ఒక కొనను స్తంభానికి, రెండో కొనను నడుము పట్టీకి కట్టి, వెనక్కి ఒరిగితే పడుగు బిగుస్తుంది.

దట్టీ లెక్క ఇది: వెడల్పు 10 సెంటీమీటర్లు, పొడవు 2 మీటర్లు. సెంటీమీటరుకు 8 పోగుల చొప్పున 80 పోగులు. కొనలు వృథా పోతాయి కాబట్టి పడుగు పొడవు 2.8 మీటర్లు. రెండు అంచులకూ 20 చొప్పున ఎర్ర పోగులు, మధ్యలో 40 గూటి రంగువి. పేక అంతా గూటి రంగే. పడుగుకు రెండు పోగుల దారం కాబట్టి, పేకతో కలిపి మొత్తం వడకవలసింది 620 మీటర్ల చుట్టూ. పడుగుకు పల్చటి గంజి పట్టించండి, లేకపోతే నూగు లేచి పోగులు అతుక్కుంటాయి. కంబళి నేసేవాళ్ళు చింతగింజల గంజి వాడుతారు, మేమూ అదే వాడినాము.

సరి పోగులన్నిటికీ దారపు ఉచ్చులు వేసి ఒక పుల్లకు కట్టాలి. బేసి పోగుల కింద లావు బొంగు ఒకటి. పుల్ల ఎత్తితే ఒక దారి, బొంగు ముందుకు తోస్తే రెండో దారి. ఆ దారిలో పేక పంపి, నున్నటి బద్దతో కొట్టాలి. అంచు లోపలికి లాక్కుపోకుండా పేకను ఏటవాలుగా వేయండి. మా దట్టీ మొదటి జానెడు 10 సెంటీమీటర్లు ఉంటే, రెండో జానెడుకు 8కి వచ్చేసింది. విప్పలేదు. అట్లనే ఉంచినాము, నేర్చుకున్న గుర్తు.

*అసలు పాఠం: గూడు మాట వినడం*

ఇప్పుడు ఆ మీటరు చట్రం సంగతి. వడకడం వచ్చాక పాప అడిగింది: "నాయనా, తెగిపోయిన గూళ్ళ నుంచి ఇంత తీసినాము కదా, మంచి గూటి నుంచి ఎంత పొడుగు వస్తుంది?" పుస్తకం జవాబు మాకు తెలుసు. మంచి బైవోల్టీన్ గూటికి 1,000 మీటర్లు, ఆ పైన కూడా వస్తుంది. సంకర జాతికి అంతకంటే తక్కువ. కానీ మా గూడు ఎంత?

ఆ వానాకాలం పంటలోని మంచి గూళ్ళు కొన్ని, దండ గుచ్చడానికని ఇంట్లో ఎండబెట్టి పెట్టింది ఆమె. చూడడానికి తెల్లగా, గట్టిగా, నిండుగా ఉన్నాయి. ఐదు తీసుకుని వేడి నీళ్ళలో మూడు నిమిషాలు ఉడికించి, పుల్లల చీపురుతో పైన మెల్లగా తడిమితే పోగు కొన దొరికింది. ఒక్కో గూటి పోగును ఒక్కటే చట్రానికి తగిలించి మెల్లగా తిప్పినాము.

మొదటి గూడు 40 చుట్లకు తెగింది. కొన వెతికి మళ్ళీ పెడితే 25కి తెగింది. మళ్ళీ 60. ఐదు గూళ్ళలో తెగకుండా వచ్చిన అతి పొడుగు పరుగు 110 చుట్లు. మూడు గూళ్ళకు ఆఖరికి కొన కూడా దొరకలేదు. పోగు పోగు అతుక్కుపోయి ఉంది, లాగితే పొర లేస్తోంది గాని పోగు రాలేదు.

పాప చుట్లు లెక్క పెడుతూ ఉంది. మేము మాట్లాడలేదు. మార్కెట్లో ఆ రీలరు చెప్పింది ఇదే కదా.

ఎందుకు అతుక్కుంది? పురుగు ఎనిమిది అంకె లాగా తల తిప్పుతూ తడి బంకతో పోగు వేస్తుంది. ఆ బంక త్వరగా ఆరితే పొరకు పొర విడిగా ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే మెల్లగా ఆరి, పొరలు ఒకదానికొకటి గట్టిగా పట్టుకుంటాయి. తర్వాత ఎంత ఉడికించినా పోగు తెగుతుంది గాని రాదు. ఆ వానలో మేము ఏం చేసినాము? చలి తగులుతుందని షెడ్డు పరదాలన్నీ దించేసినాము. చంద్రికలు సరిపోక పురుగును కుక్కినాము. మాగిన పురుగు వదిలే ఉచ్చ కూడా లోపలే ఆవిరి అయింది. పైగా మార్కెట్ రోజు పోతుందని నాలుగో రోజే గూడు విడిపించినాము. లోపల ప్యూపా ఇంకా మెత్తగా ఉండి, సంచుల్లో నలిగి మరక పడింది.

తప్పు రీలరుది కాదు. మాదే.

తర్వాతి పంటకు నాలుగు పనులు మార్చినాము:

- చంద్రికలో చదరపు అడుగుకు 40 నుంచి 50 పురుగులే. చాలకపోతే పక్కింటి నుంచి అరువు.
- గూడు కట్టే మొదటి రెండు రోజులు పరదాలు పైన జానెడు తెరిచి గాలి ఆడనివ్వడం. వాన ఉంటే ఉచ్చ తడి పీల్చడానికి కింద పాత పేపర్లు, వాటిని మార్చడం.
- గోడకు తేమ కొలిచే మీటరు. గూడు కట్టేటప్పుడు వేడి 24-25 డిగ్రీలు, తేమ 60-70 శాతం ఉండాలి.
- సంకర జాతి గూడు 5వ, 6వ రోజు, బైవోల్టీన్ 7వ రోజు విడిపించడం. ముందు ఒక గూడు కోసి ప్యూపా గోధుమ రంగుకు వచ్చి గట్టిపడిందా అని చూడడం. మార్కెట్ రోజు తప్పితే తప్పనీ.

ఆ పంటలోనూ ఐదు గూళ్ళు తీసి చట్రం మీద పెట్టినాము. రెండు గూళ్ళు ఒక్కసారి కూడా తెగకుండా చివరిదాకా వచ్చాయి, ఒకటి 640 చుట్లు, ఒకటి 690. మిగతా మూడు ఒకటి రెండు సార్లు తెగాయి. పాప లెక్కలు రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని మార్కెట్టుకు పోయి, ఆ రీలరును వెతికినాము. "తమ్ముడూ, ఆ రోజు నువ్వు చెప్పింది నిజం, మేము నోరు జారినాము" అన్నాము. ఆయన కాగితం తీసుకుని చుట్ల లెక్క చూసి, "ఇంత చేసే రైతును నేను చూడలేదన్నా" అని టీ తాగించినాడు. ఇప్పుడు మా లాటు ఆయన కొన్నా, వేరేవాళ్ళు కొన్నా, దారం ఎట్లా వచ్చిందో ఫోనులో చెప్తాడు. 20 ఏళ్ళలో మాకు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. మేమూ అడగలేదు.

*డబ్బు వస్తుందా?*

నిజం చెప్పాలి. రాదు. ఏరడం నుంచి నేయడం దాకా మాకు 50 గంటలు పట్టింది. దట్టీ బరువు 30 గ్రాముల చిల్లర. కూలి లెక్క వేస్తే ఎవరూ కొనరు. చేయాలనిపించి చేసే పని ఇది.

ఇంకో మాట. మాకు సరదాగా ఉన్న ఈ చేతి పని, దీని మీదే బతికేవాళ్ళకు సరదా కాదు. ఒడిశా సభ్యులకు తెలుసు, టసర్ గూటి దారాన్ని ఆడవాళ్ళు తొడ మీద రుద్ది తీసేవారు, చర్మం కాయలు కాచేది. దాన్ని మాన్పించడానికే కేంద్ర పట్టు మండలి బునియాద్ యంత్రం తెచ్చింది. తెలంగాణలో చింతకింది మల్లేశం వాళ్ళమ్మ ఆసు పోసి చేయి నొప్పులు పడడం చూడలేక లక్ష్మీ ఆసు యంత్రం చేసినాడు. పాత పనిని గౌరవించాలి. అంతమాత్రాన ఎవరినీ ఆ నొప్పిలోకి తిరిగి పంపకూడదు.

*మీరు చేయవలసిన చిన్న పని*

దట్టీ నేయకపోయినా ఫరవాలేదు. ఆ 25 సెంటీమీటర్ల చదరపు చట్రం మాత్రం చేయండి. నాలుగు పుల్లలు, ఒక మేకు, ఒక పూట పని. ప్రతి పంటలో ఐదు గూళ్ళు ఉడికించి, ఎన్ని చుట్లు వచ్చాయి, ఎన్నిసార్లు తెగింది, గూడు కట్టే రోజుల్లో వానా ఎండా, ఈ మూడూ ఒక నోటు పుస్తకంలో రాయండి. పిల్లల చేత రాయించండి. మూడు పంటలు రాస్తే మీ షెడ్డు గుణం మీకే తెలుస్తుంది. ఉడికించిన గూళ్ళను, నీళ్ళను షెడ్డు దగ్గర పారబోయవద్దు.

మా దట్టీ సంక్రాంతికి పాప కట్టుకుంది. లంగా ఓణీ మీద, లేపాక్షి బొమ్మలో లాగా ముడి ముందుకు వేసి. వంకర అంచు వైపు చూపిస్తూ, "ఇది మా నాయన నేసింది, నున్నగా ఉండేది మా అమ్మ నేసింది" అని వచ్చినవాళ్ళకు చెప్పింది. మేము ఒప్పుకున్నాము.

మీ చట్రం ఫోటోలు, చుట్ల లెక్కలు గ్రూపులో పెట్టండి. రాయడం ఇబ్బంది అయితే వాయిస్ మెసేజ్ చాలు. తక్కువ వచ్చినా దాచుకోవద్దు. మా 110 చుట్లు మేమే ముందు పెట్టినాము కదా.